కెప్టెన్‌కి బదిలీ లేదు

"ఆ ఇద్దరికీ పెళ్ళి చేసేస్తే రాసేవాళ్ళ సొమ్మేం పోయేదత్తా?"

వేసవి సెలవులకి మా ఇంటికొచ్చిన మా తమ్ముడి కూతురు అన్నం కలుపుతూ కలుపుతూ ఉన్నట్టుండి అడిగిన ప్రశ్న ఇది. పెళ్ళి మాట వినపడితే మా మరదలు ఆగగలదా? చేతిలో గరిటెతోనే వంటింట్లోంచి వచ్చేసింది. "ఎవరికే పెళ్ళి? మనకి తెలిసినవాళ్ళేనా?" అంది. "క్యాథరిన్ జేన్‌వే అనీ, కెప్టెన్‌లే అమ్మా. ఇండియానాలో బ్లూమింగ్టన్ అని ఊరుంది, అక్కడ పుడుతుంది" అంది పిల్ల. "పుడుతుందేమిటే?" "ఇంకా మూడొందల ఏళ్ళుంది. విగ్రహం మాత్రం 2020లోనే పెట్టేశారు."

మా మరదలు నా వంక చూసి, గరిటె తిప్పుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

పిల్ల చెప్పినదాంట్లో అబద్ధం లేదు. బ్లూమింగ్టన్‌లో కెప్టెన్ జేన్‌వే విగ్రహం ఉంది. అభిమానులు చందాలు వేసుకుని పెట్టించుకున్నారు. ఇరవైనాలుగో శతాబ్దంలో పుట్టబోయే ఒక కల్పిత స్త్రీకి ఇప్పుడే విగ్రహమా అని నేనూ మొదట నవ్వాను. ఆ తర్వాత పిల్ల పక్కన కూర్చుని ఏడు సీజన్లూ చూశాను. ఇప్పుడు నవ్వడం లేదు.

'స్టార్ ట్రెక్' అన్న పేరు మనవాళ్ళకి కొత్తేం కాదు. 1980లలో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున్న వచ్చేది. కొనదేరిన చెవుల స్పాక్ అంటే చాలామందికి ఇప్పటికీ గుర్తే. 1966లో మొదలైన ఆ తొలి సీరియల్లో నౌకకి కెప్టెన్ కర్క్ అనే మగవాడు. 1969లో వచ్చిన చిట్టచివరి కథలో ఒక స్త్రీ, మీ నౌకా కెప్టెన్ల లోకంలో ఆడదానికి చోటు లేదని కర్క్ మీద మండిపడుతుంది. న్యాయమైన మాటే! కానీ ఆ మాట అన్న మనిషిని పిచ్చిదానిగా చూపించి ఆ సీరియల్‌ని ముగించేశారు. ఆ కుటుంబంలోనే ఒక సీరియల్‌కి స్త్రీ కెప్టెన్ కథానాయిక కావడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. 1995 జనవరిలో మొదలైన 'వాయేజర్' అది. ముందు ఆ వేషానికి జెనవీవ్ బుజోల్డ్ అనే నటిని తీసుకున్నారు. షూటింగ్ మొదలై రెండు రోజులు తిరక్కుండానే ఆవిడ నా వల్ల కాదని వెళ్ళిపోయింది. అప్పుడొచ్చింది కేట్ మల్‌గ్రూ. పెద్ద గొంతు, నిటారు నడక, ఎప్పుడూ చేతిలో కాఫీ కప్పు. ఆవిడ జుట్టు ముడి మాత్రం నిర్మాతలకి నిద్ర పట్టనిచ్చినట్టు లేదు. ఏడు సీజన్లలో ఎన్నిసార్లు మార్చారో! మగ కెప్టెన్లలో ఒకాయనకి అసలు జుట్టే లేదు, ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

కథ ఇది. ఒక తిరుగుబాటు ముఠా నౌకను పట్టుకోవడానికి జేన్‌వే బయల్దేరుతుంది. ఆ నౌకకి నాయకుడు చకోటే. ఒకప్పుడు తనూ ఆవిడ పనిచేసే దళంలోనే అధికారి, తర్వాత రాజీనామా ఇచ్చి తిరుగుబాటుదారుల్లో కలిశాడు. ఇంతలో ఒక విచిత్ర శక్తి రెండు నౌకలనూ విసిరేస్తే వెళ్ళి డెబ్భై వేల కాంతి సంవత్సరాల అవతల పడతారు. అక్కణ్ణుంచి ఇల్లు చేరాలంటే ఎంత వేగంగా పోయినా డెబ్భై అయిదేళ్ళు. చకోటే నౌక పోతుంది. మిగిలిన ఒక్క నౌకలోనే పట్టుకోవడానికి వచ్చినవాళ్ళూ, పట్టుబడాల్సినవాళ్ళూ కలిసి బతకాలి. జేన్‌వే ఏం చేసిందంటే, తను పట్టుకోవాల్సిన మనిషినే పిలిచి తన తర్వాతి అధికారిగా కుడిచేతి పక్కన కూర్చోబెట్టుకుంది.

ఇక చెప్పాలా! ఇద్దరూ నౌకలు నడిపినవాళ్ళు. ఒకరి సమర్థత ఒకరికి తెలుసు. రోజుకి పన్నెండు గంటలు పక్కపక్కనే. 1995 నుంచీ అభిమానులు, అందులోనూ స్త్రీలు, రెండు జట్లయిపోయారు. ఇద్దరినీ కలపాలని ఒక జట్టు, కలిపితే ఒప్పుకోమని ఒక జట్టు. నిర్మాతలకి ఉత్తరాలు రాశారు, అభిమానుల సభల్లో నటీనటులని నిలదీశారు. సీరియల్ వాళ్ళు రాయకపోతే మానె, మేమే రాసుకుంటామని ఇద్దరి కథలూ వేల పేజీలు రాసి ఒకరికొకరు పంచుకున్నారు. ఈ అలవాటు అక్కడ కొత్త కాదు. కర్క్ కాలంలోనే, 1967 నుంచీ, ఆడవాళ్ళు సొంతంగా కథలు టైపు చేసుకుని, సైక్లోస్టైల్ తీసి, చిన్న పుస్తకాలుగా కుట్టి పోస్టులో పంపుకునేవారు. మన వారపత్రికల్లో సీరియల్ నడుస్తుంటే "హీరోయిన్ని చంపారో, చందా కట్టం" అని ఎడిటర్లకి ఉత్తరాలు రాసిన తల్లులు మనకి మాత్రం లేరూ?

పెళ్ళి వద్దన్న జట్టు వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. రేపు ప్రమాదం వచ్చి ఎవరో ఒకరిని చావుకి పంపాల్సి వస్తే, పంపాల్సినది కెప్టెన్. భర్తని పంపగలదా? పంపకుండా ఇంకొకరి బిడ్డని పంపితే ఆ తల్లికి జవాబేమిటి? ఈ ప్రశ్న మగ కెప్టెన్ విషయంలోనూ వచ్చింది. 1993లో పికార్డ్ అనే కెప్టెన్ తన నౌకలోనే పనిచేసే ఒక శాస్త్రవేత్తని ప్రేమిస్తాడు. ఒకరోజు ఆవిడని ప్రాణాపాయం ఉన్న పనికి తనే పంపాల్సొస్తుంది. ఆవిడ బతికి వస్తుంది గానీ, ఇక ఇద్దరూ ఒకే నౌకలో ఉండలేమని తెలుసుకుంటారు. ఆవిడ బదిలీ పెట్టుకుని వెళ్ళిపోతుంది. కర్క్ కూడా ఊరికొక ప్రేయసి అన్నట్టు తిరిగాడు గానీ, తన సిబ్బంది జోలికి పోకుండా ఉండడానికే చూశాడు. నౌక తనని వేరేవైపు చూడనివ్వడం లేదని ఒక కథలో వాపోతాడు కూడా. కాబట్టి ఆడదని జేన్‌వేకి ప్రత్యేకంగా పెట్టిన నియమం కాదిది.

కేట్ మల్‌గ్రూ కూడా ఈ జట్టే. తొలి స్త్రీ కెప్టెన్ని చూడడానికి జనం టీవీ ముందు కూర్చుంటే ఆవిడ పక్కవాడి మీద మనసు పడడం చూపిస్తే ఎలా, ముందు పని చేయడం చూడనివ్వండి అన్నది ఆవిడ పట్టుదల. ఆ పట్టుదల వృథా పోలేదు. 2015లో ఇటలీ వ్యోమగామి సమంతా క్రిస్టోఫరెట్టి అంతరిక్ష కేంద్రంలో ఉండగా కాఫీ యంత్రాన్ని మోసుకుని ఒక నౌక వచ్చింది. ఆవిడ వాయేజర్ యూనిఫాం తొడుక్కుని, జేన్‌వే కాఫీ గురించి చెప్పే మాటనే చెప్పి దాన్ని ఆహ్వానించింది. 2022లో ఆ కేంద్రానికే కమాండర్ అయింది.

ఇదంతా విని నేనూ కేట్ మల్‌గ్రూ జట్టులో చేరిపోయాను. చేరడానికి నా సొంత కారణం ఒకటుంది.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మాది ఒక చిన్న ఊళ్ళో బ్యాంకు శాఖ. మేనేజరు ఒకావిడ. అప్పట్లో ఆడ మేనేజరంటే ఊరంతా వచ్చి చూసి పోయేవారు, పని ఉన్నా లేకపోయినా. ఆవిడ తర్వాత అకౌంటెంటు. భార్య పోయిన మనిషి, నెమ్మదస్తుడు. సంవత్సరాంతపు లెక్కలప్పుడు ఇద్దరూ రాత్రి తొమ్మిదింటిదాకా ఉండేవారు. మేమూ ఉండేవాళ్ళం లెండి, కానీ మమ్మల్ని ఎవరు లెక్కేస్తారు! ఒకరోజు సైకిల్ స్టాండు గోడ మీద సుద్దముక్కతో ఇద్దరి పేర్లూ రాసి ఉన్నాయి. ప్యూను తడిగుడ్డతో తుడిచేశాడు, కానీ అప్పటికే అందరూ చదివారు, ఆవిడతో సహా. మర్నాటి నుంచీ ఆవిడ ఆయనతో కలిసి టీ తాగడం మానేసింది. ఫైళ్ళు ప్యూను చేత పంపించేది. పక్క గదిలో ఉన్న మనిషికి చీటీలు రాసి పంపేది! ఆర్నెల్లు గడిచాక బదిలీకి దరఖాస్తు పెట్టుకుంది. ఎక్కడో మారుమూల శాఖ ఇచ్చారు, రెండు బస్సులు మారాలి. మరుసటి ఏడాది నాకు శుభలేఖ వచ్చింది. అన్నవరంలో పెళ్ళి. వరుడు మా అకౌంటెంటు గారే.

పెళ్ళికి వెళ్ళి వ్రతం ప్రసాదం తిని వచ్చినప్పుడు, కథ సుఖాంతమైందని సంతోషించాను. పెద్ద పదవిలో ఉన్న మనిషే ఎందుకు ఊరు వదలాల్సి వచ్చింది, ఆయన ఎందుకు దరఖాస్తు పెట్టలేదు అన్న ప్రశ్న చాలా ఏళ్ళదాకా నాకు తట్టలేదు.

ఈ మాట మా పిల్లకి చెబితే అది ఒక్క ప్రశ్న వేసింది. "మీ మేనేజరమ్మకి వేరే శాఖ ఉంది. జేన్‌వేకి ఏదత్తా?"

దాంతో నా వాదన నీరుగారిపోయింది. కెప్టెన్ తన సిబ్బందిలో ఎవరినీ ప్రేమించరాదన్న నియమం ఎవరు రాశారో గానీ, వేరే నౌకలు బోలెడన్ని ఉన్న లోకంలో కూర్చుని రాశారు. పికార్డ్ ప్రియురాలికి వెళ్ళడానికి ఇంకో నౌక ఉంది. కర్క్‌కి దిగడానికి వారానికో రేవుంది. వాయేజర్‌కి చుట్టుపక్కల మనవాళ్ళ నౌక ఒక్కటి లేదు, రేవు లేదు, బదిలీ లేదు, రిటైర్మెంటూ లేదు. రెండు మూడేళ్ళు ఓపిక పట్టమనే నియమం ఆ నౌకలో డెబ్భై అయిదేళ్ళ శిక్ష అయి కూర్చుంది. పెళ్ళి వద్దన్న జట్టు ఎంత చక్కగా వాదించినా ఈ లెక్క దగ్గరికి వచ్చేసరికి తప్పుకుని పోతారు.

అందులోనూ చిత్రమేమిటంటే, ఆ నియమం నౌకలో మిగతా ఎవరికీ లేదు. 1995లోనే ఒక కథలో, లిఫ్టులో ముద్దు పెట్టుకుంటున్న ఇద్దరు సిబ్బందిని చకోటే చూస్తాడు. ఏం చేద్దామని కెప్టెన్ని అడుగుతాడు. డెబ్భై అయిదేళ్ళ ప్రయాణం, ఎవరి తోడు వాళ్ళు చూసుకోకుండా ఉంటారా, వద్దనడం తగదంటుంది ఆవిడ. మరి మీ సంగతి అంటే, కెప్టెన్‌కి ఆ వెసులుబాటు లేదంటుంది. ఇంటి దగ్గర మార్క్ అనే మనిషితో నిశ్చయమై ఉంది కూడా. మిగతావాళ్ళు ప్రేమించుకున్నారు. ఇంజనీరమ్మకీ, నౌక నడిపే కుర్రాడికీ పెళ్ళయింది, నౌకలోనే బిడ్డ పుట్టింది. 1998లో మార్క్ దగ్గర్నుంచి ఉత్తరం వస్తుంది. నువ్వు చనిపోయావనుకున్నాను, ఇంకొకరిని పెళ్ళి చేసుకున్నాను అని. ఆవిడ ఆ ఉత్తరం చదువుకుని, మళ్ళీ పనిలో పడుతుంది. ఆ సన్నివేశంలో కేట్ మల్‌గ్రూ ముఖం చూడాలి! ఏడవదు. ఇక చెప్పుకోవడానికి సాకు కూడా మిగల్లేదని తెలిసిన ముఖం అది.

ఇప్పుడు అందరూ కొట్టుకునే కథ దగ్గరికి వద్దాం. 1996 మేలో వచ్చింది, రాసినది జెరీ టేలర్. ఈ సీరియల్‌ని సృష్టించిన ముగ్గురిలో ఒకావిడ. ఏదో పురుగు కుట్టి ఇద్దరికీ రోగం అంటుకుంటుంది. ఆ ఒక్క గ్రహం మీద ఉన్నంతకాలమే ప్రాణాలు నిలుస్తాయి. నౌకని మీరు తీసుకుపొండి, మా కోసం శత్రువుల గడప తొక్కకండి అని ఆజ్ఞాపించి, ఆవిడా చకోటే అక్కడ దిగిపోతారు. అతను వెంటనే ఆ చోటుని ఇల్లనుకుంటాడు. చెక్క చెక్కుతాడు, ఆవిడకి ఇష్టమని స్నానానికి తొట్టె కడతాడు. ఆవిడ మాత్రం పురుగుల్ని పట్టే బోనులు పెట్టుకుని మందు కోసం వెతుకుతూనే ఉంటుంది. ఒక తుపాను వచ్చి ఆ సామానంతా ధ్వంసం చేస్తుంది. అప్పుడు గానీ ఆవిడ ఆగదు. ఒక రాత్రి అతను ఒక పాత జానపద కథ చెబుతాడు. కోపంతో రగిలే ఒక యోధుడికి ఒక వీరవనిత పక్కన నిలబడి ఆవిడ బరువు తను మోయడంలో శాంతి దొరికిందని. నిజంగా అది పాత కథేనా అంటుంది ఆవిడ. కాదు, కానీ అలా అయితే చెప్పడం తేలికయిందంటాడు. చేతులు కలుస్తాయి, అంతే! ఆ తర్వాత ఆవిడ టమాటా మొక్కలు నాటుతుంది. పడవ కట్టుకుని ఏటి వెంట వెళ్దామని అనుకుంటారు. సరిగ్గా అప్పుడు నౌక నుంచి పిలుపు. ఆజ్ఞ మీరి సిబ్బంది మందు సంపాదించుకొచ్చారు. ఇద్దరూ యూనిఫాంలు తొడుక్కుంటారు. నౌక ఎక్కి, ఒకరి వంక ఒకరు చూడకుండా, లెక్కలు అడుగుతారు, లెక్కలు చెబుతారు.

చీటీలు రాసి పంపిన మా మేనేజరమ్మ నాకు అక్కడ కనిపించింది.

జెరీ టేలర్ 1998లో ఆ సీరియల్ బాధ్యతల నుంచి తప్పుకుంది. తర్వాత రాసినవాళ్ళు ఆ దారం వదిలేశారు. చకోటే వేషం వేసిన రాబర్ట్ బెల్ట్రాన్ తన పాత్రని సరిగ్గా రాయడం లేదని బాహాటంగానే విసుక్కున్నాడు. జేన్‌వేకి వేరే తోడు చూపించారు, కానీ ఎలాంటివి! 2000లో, యంత్రం సృష్టించే ఒక కల్పిత ఐరిష్ ఊళ్ళో సారా దుకాణం నడిపే మనిషి. మనిషి కాదు, వెలుగుతో చేసిన బొమ్మ. ఆ బొమ్మకి ఒక భార్య బొమ్మ ఉంటే దాన్ని తీసేయమని ఆవిడ యంత్రానికి చెబుతుంది. అది చూసి నవ్వినవాళ్ళున్నారు, నాకు మటుకు కడుపులో దేవినట్టయింది. 2001లో ఇంకో కథ. ఆవిడ జ్ఞాపకాలు చెరిపేసి ఒక కర్మాగారంలో పనిలో పెడతారు. తను కెప్టెన్నన్న సంగతి మర్చిపోయిన స్త్రీ హాయిగా ఒక మనిషిని ప్రేమించి, ఇల్లు పంచుకుంటుంది. జ్ఞాపకం రాగానే వదిలేసి వస్తుంది. అంటే పదవి గుర్తున్నంతసేపూ ప్రేమ కుదరదనేగా వాళ్ళు చెప్పింది!

2001 మే 23న సీరియల్ ముగిసింది. ముగింపులో చకోటే ఎవరితో ఉన్నాడో తెలుసా? సెవెన్ అనే పడుచు పిల్లతో. 1997లో నౌకలోకి వచ్చింది, ఒంటికి అతుక్కున్న దుస్తులతో. నటి మంచిదే, పాత్రా మంచిదే. కానీ ఆ ప్రేమకి ముందు నుంచీ వేసిన పునాది లేదు, చివర్లో తెచ్చి పెట్టారు. చూడండి విచిత్రం! చకోటే ఆ పిల్లకీ పై అధికారే. కింద పనిచేసేవాళ్ళని ప్రేమించరాదన్న నియమం అప్పుడు ఏమైంది? రెండో అధికారికి సడలింది, మొదటి అధికారిణికి సడల్లేదు. పెళ్ళి కావాలన్న జట్టుకి కోపం వచ్చిందంటే వస్తుందా రాదా?

నేనేదో వాళ్ళ పెళ్ళి చూడాలని తహతహలాడుతున్నానని అనుకోకండి. పెళ్ళి చేసి, తర్వాతి వారం నుంచీ ఆవిడ చేత కాఫీ కలిపిస్తే ఏడ్చేదాన్ని నేనే. నా గొడవ వేరు. ఆ నౌకలో ప్రతి సంక్షోభానికీ సిబ్బంది అందరూ బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడతారు. ఎవరితో సంధి, ఎవరితో యుద్ధం, ఎవరిని బతికించాలి, అన్నీ చర్చే. డెబ్భై అయిదేళ్ళ ఒంటరితనం గురించి మాత్రం ఆ బల్ల మీద ఒక్కసారీ చర్చ రాలేదు. నాకు ఈ మనిషి కావాలి, ప్రమాదం వచ్చిననాడు ఆజ్ఞ ఇచ్చే అధికారం ఇంకొకరికి ఇస్తాను అనో, వద్దు, నాకు నౌకే ముఖ్యం అనో ఆవిడ నోటితో ఆవిడ అనలేదు. అననిచ్చి ఉంటే ఏ జట్టు గెలిచినా నాకు సమ్మతమే. సిబ్బంది ఆవిడ ఆజ్ఞ మీరి మందు తెచ్చి ప్రాణం నిలబెట్టారు కదా, ఆవిడకో తోడు ఉంటే గౌరవం తగ్గించేసేవారా?

తగ్గించేస్తారేమోనన్న భయం నిర్మాతలది. మనకి తెలియని భయమా! మన సైన్యంలో స్త్రీలకి నాయకత్వ పదవులు ఇవ్వాలా వద్దా అన్న కేసులో, పల్లెల నుంచి వచ్చిన జవాన్లు ఆడ అధికారి మాట వినడానికి మానసికంగా సిద్ధంగా లేరని ప్రభుత్వమే సుప్రీంకోర్టులో వాదించింది. 2020 ఫిబ్రవరి 17న కోర్టు ఆ వాదనని తోసిపుచ్చింది. అంటే జవాన్లకి అభిమానం ఎక్కడ దెబ్బ తింటుందోనని ఆవిడ పదవి ఆపాలి, చూసేవాళ్ళు ఏమనుకుంటారోనని ఈవిడ ప్రేమ ఆపాలి. ఆ ఎదుటివాళ్ళని అడిగినవాళ్ళు మాత్రం లేరు.

2001లోనే, సీరియల్ ముగియడానికి కొన్ని నెలల ముందు ఒక కథ వచ్చింది. నౌకలో కాలం ముక్కలైపోయి, చకోటే ఏడేళ్ళ కిందటి జేన్‌వేని కలుస్తాడు. ఇంకా అతన్ని ఎప్పుడూ కలవని జేన్‌వే. కలిసి తిరిగాక, ముందు ముందు మనమిద్దరం ఎంత దగ్గరవుతామని ఆవిడ అడుగుతుంది. కొన్ని గోడలు మనం ఎప్పుడూ దాటమంటాడు. ఆవిడ మరి అడగదు.

2021లో మొదలైన 'ప్రాడిజీ' అనే పిల్లల బొమ్మల సీరియల్లో ఇద్దరూ మళ్ళీ వచ్చారు. అందులో తప్పిపోయిన చకోటేని వెతకడానికి అడ్మిరల్ జేన్‌వే బయల్దేరుతుంది. 2024లో వచ్చిన రెండో భాగంలో కలుసుకున్నారు. పెళ్ళి మాట అప్పుడూ ఎత్తలేదు. రెండు జట్లూ ఇంకా వాదించుకుంటూనే ఉన్నాయి.

మా పిల్ల సెలవులయిపోయి వెళ్ళే ముందు రాత్రి ఆ 1996 నాటి కథ మళ్ళీ పెట్టింది. ఈసారి మా మరదలు కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది, ఎవరి పెళ్ళో తేల్చుకుందామని. చివర్లో ఇద్దరూ యూనిఫాంలు తొడుక్కుంటుంటే, "అయ్యో, వెళ్ళిపోతున్నారా?" అంది.

కాసేపాగి, "మరి నాటిన టమాటా మొక్కలో?" అంది.